టెలిస్కోపు కొనేవాళ్లకు హెచ్చరిక: అద్దం పరీక్షించకుండా డబ్బు కట్టకండి

శని వలయాలు చూడాలని మా అమ్మాయి రెండేళ్లుగా అడుగుతుంటే, విజయవాడలోనే ఒక షాపులో 150 మిల్లీమీటర్ల అద్దం ఉన్న న్యూటోనియన్ (లెన్సు బదులు అద్దంతో కాంతిని పోగుచేసే) టెలిస్కోపు కొన్నాను. ఫోకల్ లెంగ్త్, అంటే అద్దం నుంచి కాంతి కలిసే చోటికి దూరం, 750 మిల్లీమీటర్లు. ధర 22 వేలు. "పారాబోలిక్ అద్దం సార్, అలైన్‌మెంట్ కూడా చేసే ఇస్తున్నాం" అన్నారు. అంటే అద్దం వంపు గోళంలా కాక, నక్షత్రం కాంతినంతా ఒకే చోటికి చేర్చే పారాబోలా ఆకారంలో ఉందని, అద్దాలు సరైన వరసలో బిగించామని. ఆ మాట బిల్లు మీద రాయించుకోలేదు. అక్కడే దెబ్బతిన్నాను.

సత్యనారాయణపురంలో మా డాబా మీద పెట్టి చూస్తే గురుగ్రహం దూదిపింజలా ఉంది. షాపుకి ఫోన్ చేస్తే, అద్దం వెనక మూడు స్క్రూలు తిప్పి సరిచేసుకోమన్నారు. మూడు వారాలు రాత్రిళ్లు అదే పని. పాప టార్చ్ పట్టుకుని పక్కనే నిలబడేది.

తప్పు స్క్రూలలో లేదు. అది పది నిమిషాల్లో తేల్చుకోవచ్చని నాకు అప్పుడు తెలియదు. నడినెత్తికి దగ్గరగా ఉన్న నక్షత్రాన్ని ఎక్కువ పవర్ ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే లెన్సులో) చూడండి. కదలదు కాబట్టి ధ్రువ నక్షత్రం మంచిదంటారు గానీ, మన ఊళ్లో అది పదహారు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, వేడిగాలికి వణుకుతుంది. ఫోకస్‌ను కొంచెం లోపలికి, మళ్లీ అంతే బయటికి జరపండి. నక్షత్రం ఉంగరాలుగా విచ్చుకుంటుంది. మధ్యలోని నల్లమచ్చ బాగా పక్కకు ఉంటే అలైన్‌మెంట్ తప్పు, స్క్రూలతో పోతుంది. మచ్చ మధ్యలోనే ఉండి, ఉంగరాలు ఫోకస్ లోపలికి జరిపినప్పుడు ఒకలా, బయటికి జరిపినప్పుడు ఇంకోలా ఉంటే అద్దం వంపే తప్పు. దాన్ని ఏ స్క్రూ సరిచేయలేదు.

మాది రెండో రకం. అనుమానం తీరక అద్దం విప్పి, 1858లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లియోన్ ఫూకో కనిపెట్టిన పరీక్ష చేశాను. చిన్న ఎల్ఈడీ, షేవింగ్ బ్లేడు చాలు. అద్దానికి 1500 మిల్లీమీటర్ల (ఫోకల్ లెంగ్త్‌కు రెట్టింపు) దూరంలో, అద్దం నుంచి తిరిగొచ్చే ఎల్ఈడీ కాంతికి బ్లేడును అడ్డంగా జరిపితే, పారాబోలా మీద గారె ఆకారంలో నీడ రావాలి. మా అద్దం మొత్తం ఒకేసారి బూడిదరంగై చీకటైంది. అంటే ఉత్త గోళాకార అద్దం. 114 మిల్లీమీటర్ల అద్దానికి 900 ఫోకల్ లెంగ్త్ లాంటి చిన్న అద్దం, పొడుగు గొట్టం అయితే గోళాకారం సరిపోతుంది, అది మోసం కాదు. 150కి 750 అయితే సరిపోదు. అంచు దగ్గర గోళానికీ పారాబోలాకీ తేడా మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ కాస్తకే గురుడి పట్టీలు మాయం.

నిలదీస్తే ఫ్యాక్టరీ టెస్ట్ రిపోర్టు చూపించారు. అంతరిక్షంలో తిరిగే హబుల్ టెలిస్కోపు అద్దానికీ టెస్టులు చేశారు. టెస్ట్ పరికరంలో ఒక లెన్సు 1.3 మిల్లీమీటర్లు తప్పు చోట ఉండబట్టి 1990లో మసక బొమ్మలొచ్చాయి. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సరిచేయాల్సి వచ్చింది. కాగితాన్ని కాదు, నక్షత్రాన్ని చూసి కొనండి. ఒక రాత్రి చూసి నచ్చకపోతే తిరిగి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి.

చివరికి "మీరు స్క్రూలు తిప్పారు, వారంటీ పోయింది" అన్నారు. తిప్పమన్నది వాళ్లే! వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు. మీరెవరైనా ఈమధ్య ఇలాంటిది కొని ఉంటే, స్క్రూలు ముట్టుకోకముందే నక్షత్రం ఉంగరాలకు ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. అద్దం చూడాలంటే తీసుకురండి, బ్లేడు, ఎల్ఈడీ మా ఇంట్లో బిగించే ఉన్నాయి.