రీమ్యాప్ చేసిన కారుతో ఘాట్ రోడ్డు మీద రెండు రోజులు

ఇంజిన్ రీమ్యాప్ (బలం పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించాక ఇదే మొదటి దూర ప్రయాణం. టార్క్, అంటే తిప్పే బలం, 350 నుంచి 450 న్యూటన్ మీటర్లకు పెరిగింది. నా టెన్షన్ ఇంజిన్ గురించి కాదు. వెనక చక్రాలకు బలం పంపే హాల్డెక్స్ క్లచ్, దాని వెనకున్న డిఫరెన్షియల్ (ఆ బలాన్ని కుడి ఎడమ చక్రాలకు పంచే పళ్లచక్రాల పెట్టె) ఎంతవరకు తట్టుకుంటాయోనని.

హైవే మీద వాటికి పనే లేదు. టాప్ గేరులో ఇంజిన్ టార్క్ చక్రాల దగ్గరికొచ్చేసరికి మూడు రెట్లు కూడా కాదు. మొదటి గేరులో, ఫైనల్ డ్రైవ్‌తో (గేర్‌బాక్సు తర్వాత వచ్చే చివరి పళ్లచక్రాల జత) కలిపి, నా కారులో దాదాపు 13 రెట్లు. ఇదివరకు నాలుగు చక్రాలకూ కలిపి 4,550 న్యూటన్ మీటర్లు వెళ్లేచోట ఇప్పుడు 5,850 వెళ్తుంది. అదీ టైర్లకు పట్టున్నంతవరకే. ఘాట్ రోడ్డు నున్నగా ఉంది, హెయిర్‌పిన్ మలుపుల్లో వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టు కారు హాయిగా ఎక్కేసింది.

చిక్కంతా పైనున్న బస దగ్గర. గది శుభ్రంగా ఉంది, కిటికీ తెరిస్తే లోయ. కానీ గేటు నుంచి పార్కింగ్ దాకా నిటారైన కంకర దారి. చక్రం కంకరలో గిర్రున తిరుగుతుంది, కింద గట్టి నేల తగలగానే టక్కున పట్టుకుంటుంది. డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్లచక్రాలను, వాటి పిన్నును విరగ్గొట్టేది ఇలాంటి దెబ్బలే. హార్స్‌పవర్ అంకె చూసి భయపడేవాళ్లు దీన్ని పట్టించుకోరు. నాలుగో ప్రయత్నంలో వెనక చక్రాలు పని మానేశాయి. ముందువి కంకర చిమ్ముతున్నాయి. డాష్‌బోర్డులో ఒక్క లైటూ వెలగలేదు.

వెనకొచ్చిన మిత్రుడి పాత కారులో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్యన టోర్సెన్ డిఫరెన్షియల్. పట్టు తక్కువున్న వైపు నిలిచే బలానికి కొన్ని రెట్లు రెండోవైపుకు పంపుతుంది. "కాలడానికి మా దాంట్లో క్లచ్ ఎక్కడుందిరా!" అంటూ దాటిపోయాడు. నిజమే, అంతా పళ్లచక్రాలే. పైన గుంతలో ఒక చక్రం గాల్లోకి లేచేసరికి అదీ ఆగింది. ఒకవైపు పట్టు సున్నా అయితే, రెండోవైపుకు ఎన్ని రెట్లు చేసినా సున్నాయే మరి. బ్రేకు కాస్త నొక్కిపట్టి యాక్సిలరేటర్ ఇస్తే కదిలింది. నేను మాత్రం సామాను మోసుకుంటూ ఎక్కాను.

రాత్రి గడిచాక కొండ కింద ఒక వర్క్‌షాప్‌కి వెళ్లాను. ఆయిల్ మార్చి "అయిపోయింది సార్" అన్నారు. పది నిమిషాల్లో మళ్లీ అదే కథ. రెండో వర్క్‌షాప్‌లో కుర్రాడు ఆయిల్ పంపునే విప్పాడు. దాని నోటి దగ్గరి చిన్న జల్లెడ నిండా కాటుకలాంటి నల్లటి ముద్ద, క్లచ్ ప్లేట్లు అరిగిన పొడి. అది అడ్డుపడితే ప్రెషర్ రాదు, ప్రెషర్ లేకపోతే ప్లేట్లు బిగుసుకోవు. ఈ తరం హాల్డెక్స్‌లో విడిగా ఫిల్టర్ లేదు, ఆ జల్లెడే దిక్కు. ముందు టైర్లు కొత్తవి, వెనకవి అరిగినవి అని కూడా చూపించాడు. చుట్టుకొలత తేడా వల్ల, బిగిసినప్పుడల్లా క్లచ్ జారి వేడెక్కుతుందట. శుభ్రం చేయడానికి గంటన్నర పట్టింది. మొదటివాళ్లకంటే ఎక్కువే తీసుకున్నాడు, న్యాయమే.

రెండో రాత్రి చదునైన సిమెంటు ఆవరణ ఉన్న బసలో దిగాం. కిటికీలోంచి గోడ తప్ప ఏమీ కనిపించదు, అయినా మళ్లీ వస్తే అక్కడే దిగుతాను. క్లచ్‌ను ఇంకా గట్టిగా బిగించే కంట్రోలర్ వేయించమని మిత్రుడు పోరాడు. వద్దన్నాను. ఆ క్లచ్ కాస్త జారబట్టే దెబ్బంతా వెనక పళ్లచక్రాల మీద పడలేదు.