పదకొండేళ్ల వాడకం తర్వాత: రికెన్‌బ్యాకర్ బేకలైట్ స్టీల్ గిటారు

ఒళ్లో పెట్టుకొని ఉక్కు కడ్డీని తీగలపై జరుపుతూ వాయించే వాద్యాన్ని మన పెద్దలు హవాయీ గిటారు అనేవారు. అమెరికాలో దానిని ల్యాప్ స్టీల్ అంటారు. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత కాలిఫోర్నియాలో తయారైన రికెన్‌బ్యాకర్ ఆరు తీగల బేకలైట్ ల్యాప్ స్టీల్‌ను నేను పదకొండేళ్లుగా దాదాపు ప్రతిరోజూ వాయిస్తున్నాను. పాత వాద్యాల దుకాణాల్లో దీనిని చూసి కొనాలా వద్దా అని ఆలోచించే వారికోసం ఈ అనుభవం రాస్తున్నాను.

బేకలైట్ అనగానే మన పాత ఇళ్లలోని నల్లటి కరెంటు స్విచ్చులు గుర్తుకు వస్తాయి. ఇదీ అదే పదార్థం. గుడ్డతో గట్టిగా రుద్దితే అదే ఘాటు వాసన ఇప్పటికీ వస్తుంది. గిటారుకు దీనిని ఎంచుకోవడానికి గట్టి కారణం ఉంది. జార్జ్ బీచమ్ రూపకల్పనతో 1932లో ఈ కంపెనీ అమ్మకానికి తెచ్చిన తొలి ఎలక్ట్రిక్ స్టీల్ గిటారు పోత అల్యూమినియంతో చేసినది. గుండ్రటి ఒళ్లు, పొడవాటి మెడ ఉండటంతో దానికి ‘ఫ్రయింగ్ పాన్’ అనే పేరు స్థిరపడింది. వేదిక మీది దీపాల వేడికి అల్యూమినియం వ్యాకోచించి శ్రుతి జారిపోయేది. ఒక మిత్రుడి దగ్గర ఉన్న అలాంటి గిటారును ఒక సాయంత్రం వాయించినప్పుడు, నాలుగు పాటలకు రెండుసార్లు శ్రుతి మరలు తిప్పవలసి వచ్చింది. 1935లో వచ్చిన బేకలైట్ నమూనాలో ఆ బాధ చాలావరకు తీరింది. నా గిటారును ఎండాకాలం ఆరుబయట కచేరీల్లో కూడా వాయించాను. తీగలు కొద్దిగా సడలుతాయే తప్ప వాద్యం కదలదు.

అయితే దీని ప్రాణమంతా పికప్‌లో, అంటే తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగంలో ఉంది. గుర్రపు నాడాల ఆకారంలో ఉన్న రెండు అయస్కాంతాలు తీగలను పైనుంచి కప్పుతాయి, తీగచుట్ట కింద ఉంటుంది. అంటే తీగలు అయస్కాంత క్షేత్రం నడుమ నుంచే సాగిపోతాయి. యుద్ధానికి ముందు ఈ అయస్కాంతాల వెడల్పు ఒకటిన్నర అంగుళం, తర్వాత ఒకటింపావు అంగుళం. వెడల్పువి దొరికితేనే కొనాలని చాలామంది పట్టుబడతారు కానీ, రెండూ పక్కపక్కన విన్న నాకు ఆ తేడా కోసం రెట్టింపు ధర పెట్టవచ్చునని అనిపించలేదు. మంద్రపు తీగ మీటితే శబ్దం బొంగురుపోదు, పై తీగ మీటితే సన్నబడి గీరుకోదు. మీటిన క్షణంలో కాక ఒక రెప్పపాటు తర్వాత నాదం విచ్చుకుంటుంది, ఆ విచ్చుకొనే సమయంలోనే కడ్డీని కదిపితే, మన సంగీతంలో కడ్డీ జరిపి వాయించే గోటువాద్యం మీద గమకం విన్నట్లు మనసు నిండిపోతుంది. జెర్రీ బర్డ్ వంటి మహావాదకుడు ఈ బేకలైట్ గిటారును ఎందుకు అంతగా నమ్ముకున్నాడో అప్పుడు అర్థమవుతుంది.

ఆయన ప్రచారంలోకి తెచ్చిన సి సిక్స్త్ శ్రుతినే నేనూ వాడతాను: మంద్రం నుంచి సి, ఇ, జి, ఏ, సి, ఇ. మన లెక్కలో స, గ, ప, ద, స, గ. మోహనలో రిషభం తీసేస్తే మిగిలే స్వరాలు. అందుకే కర్ణాటక సంగీతం చెవిలో ఉన్నవారికి ఇది పరాయిగా అనిపించదు.

ఇబ్బందులూ ఉన్నాయి. అయస్కాంతాలు అడ్డు రావడంతో బ్రిడ్జికి (ఒంటి మీద తీగలు ఆనే చోటుకు) దగ్గరగా మీటడం కుదరదు. ఒకే తీగచుట్ట ఉన్న పికప్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద గుయ్యిమనే మోత వస్తుంది. కుర్చీని కొంచెం పక్కకు తిప్పి కూర్చుంటే తగ్గుతుంది. అన్నిటికన్నా పెద్ద భయం పగుళ్లు. బేకలైట్ గట్టిది, కానీ పెళుసు. ఆరేళ్ల క్రితం బాగుచేయించడానికి ఇచ్చినప్పుడు, మెడను ఒంటికి బిగించే మరను ఒక పనివాడు అవసరానికి మించి తిప్పాడు. ఇంటికి తెచ్చి దీపం కింద చూస్తే, మర పక్కనుంచి వెంట్రుక మందాన ఒక గీత కనిపించింది. అది ఇంతవరకు పెరగలేదు, నాదమూ మారలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి ఆ మరలను నేను తప్ప ఎవరూ ముట్టుకోరు.

కడ్డీ విషయంలో పొదుపు చేయకండి. బుల్లెట్ ఆకారంలో బరువుగా, అద్దంలా నునుపుగా ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ బార్ వాడితే నాదం నిలుస్తుంది. కడ్డీ మీద చిన్న గాటు పడినా ప్రతి స్వరంలో గీరుడు వినిపిస్తుంది. బొటనవేలికి ప్లాస్టిక్ పిక్, మిగతా రెండు వేళ్లకు లోహపు పిక్స్ చాలు. కాలితో శబ్దాన్ని పెంచి తగ్గించే వాల్యూమ్ పెడల్‌లోని పొటెన్షియోమీటర్‌ను (ఆ హెచ్చుతగ్గులు చేసే భాగాన్ని) ఈ పదకొండేళ్లలో రెండుసార్లు మార్చాను.

యాంప్లిఫయర్‌గా 22 వాట్ల ఫెండర్ డీలక్స్ రివర్బ్ వాడుతున్నాను. వాల్యూమ్ నాలుగు దాటితే దాని వాల్వులు (గాజు వాక్యూమ్ ట్యూబులు) నాదానికి గరుకుదనం చేరుస్తాయి. బ్లూస్‌కు అది బాగుంటుంది, హవాయీ పాటలకు మూడు దగ్గరే ఆపుతాను.

కొనేముందు పైనున్న తెల్లరంగు రేకులను అమ్మకందారు చేతనే విప్పించి, కింది గూళ్ల అంచులనూ మెడ అతుకునూ టార్చిలైటు వేసి చూడండి. తర్వాత ఆరు తీగలనూ ఒక్కొక్కటిగా, మెడ మీది పన్నెండో స్వరస్థానపు గీత దగ్గర కడ్డీ ఆనించి మీటి వినండి. ఏ ఒక్క తీగ మిగతా వాటికన్నా నీరసంగా పలికినా అయస్కాంతాలను పరీక్షించమని అడగండి. శక్తి తగ్గిన వాటిని తిరిగి అయస్కాంతీకరించవచ్చు, కానీ పగిలిన బేకలైట్‌ను మునుపటిలా చేయడం ఎవరి తరమూ కాదు.