హరారేలో వ్యాపార సలహా: లాయరమ్మ భేష్, కాగితాలే పాతవి

జింబాబ్వే రాజధాని హరారేలో హోల్‌సేల్ మసాలాల వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లు గోడౌన్ అద్దె మాట్లాడే ముందు ఓ మంచి లాయరు దగ్గర కూర్చోండి. నేను వెళ్లిన సలహా ఆఫీసుకి ఐదుకి నాలుగు స్టార్లు.

లాయరమ్మ నాన్చే రకం కాదు. 2008లో స్వదేశీకరణ, ఆర్థిక సాధికారత చట్టం వచ్చాక కాస్త పెద్ద కంపెనీల్లో 51 శాతం వాటా స్వదేశీయులకు దక్కాలన్నారు. స్వదేశీయులంటే, జింబాబ్వేకి స్వాతంత్ర్యం వచ్చిన 1980 ఏప్రిల్ 18కి ముందు జాతి వివక్షకు గురైనవాళ్లు, వాళ్ల వారసులు. 2018లో ఆ నిబంధనని వజ్రాలు, ప్లాటినానికే పరిమితం చేశారు. హమ్మయ్య, మనకు గనుల్లేవుగా అనుకున్నానో లేదో, చిల్లర, టోకు వ్యాపారాలు, బేకరీలు, సెలూన్లు స్థానికులకే కేటాయించిన జాబితాలో ఉన్నాయని చల్లగా చెప్పారు! టోకు అంటే నా వ్యాపారమే మరి.

గనుల సంగతులు మాత్రం ఇష్టంగా చెప్పారు. 2016లో మరాంగే వజ్రాల గనుల నుంచి కంపెనీలను ఖాళీ చేయించి సర్కారే సొంత కంపెనీ పెట్టడం, గనుల చుట్టుపక్కల ఊళ్ల పేరిట వాటాల ట్రస్టులు... నా పనికి అక్కర్లేదుగానీ వినబుద్ధేసింది. ట్రస్టుల వల్ల ఊళ్లోవాళ్ల చేతికి ఏమొచ్చిందంటే నవ్వి ఊరుకున్నారు.

స్టార్ ఎందుకు కోశానంటే, చేతికిచ్చిన కరపత్రంలో ఇంకా అన్ని రంగాలకీ 51 శాతమనే ఉంది. ఫీజు తీసుకునే చోట పాత కాగితం ఇస్తే ఎలా? అన్నట్టు, అక్కడ కార్డు మెషిన్ పనిచేయట్లేదు, డాలర్ నోట్లు పట్టుకెళ్లండి.