పాత నాటకశాలకు కొత్త ధ్వని వ్యవస్థ: వేలాడే లైన్ అరే మేలా, నిలువు కాలమ్ స్పీకర్లు మేలా?

చారిత్రక నాటకశాలల్లో చాలావాటిని మైకులు రాకముందే కట్టారు. గుర్రపు నాడాలా వంపు తిరిగిన బాల్కనీలు, సున్నపు పూత మీద చెక్కిన లతలు, చెక్క పలకలు కలిసి నటుడి గొంతును చివరి వరుస దాకా చేరవేసేవి. అటువంటి చోట పాతబడిన స్పీకర్లను మార్చవలసి వచ్చినప్పుడు నిర్వాహకుల ముందు ప్రధానంగా రెండు మార్గాలుంటాయి. మొదటిది వేదిక ముందు పైకప్పు నుంచి వేలాడదీసే లైన్ అరే, అంటే ఒకదాని కింద ఒకటిగా పేర్చిన స్పీకర్ పెట్టెల వరుస. రెండవది వేదిక తోరణానికి ఇరువైపులా నిలిపే సన్నని కాలమ్ స్పీకర్లు.

లైన్ అరే బలం దూరంలో ఉంది. మామూలు స్పీకర్ నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని 6 డెసిబెల్స్ తగ్గితే, ఒకదాని కింద ఒకటిగా పేర్చిన వరుస నుంచి కొంత దూరం వరకు, ముఖ్యంగా హెచ్చు పౌనఃపున్యం ఉన్న సన్నని శబ్దాల్లో, 3 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. అందువల్ల ముందు వరుసవారి చెవులు అదరకుండానే వెనుకవారికి స్పష్టంగా వినిపించవచ్చు. మైదానాల్లో ఇది గొప్ప లాభమే. కానీ పాత నాటకశాలల్లో ప్రేక్షకులు వేదికకు దగ్గరగా, అంతస్తుల మీద అంతస్తులుగా కూర్చుంటారు కనుక ఆ లాభంలో చాలాభాగం అక్కరకు రాదు. పైగా బాల్కనీ కిందివారికి వినిపించాలని వరుసను కిందికి దించితే పై అంతస్తువారికి వేదిక కనబడకుండా అడ్డమవుతుంది, వారి కోసం పైకి లేపితే కిందివారికి ధ్వని అందదు. వందల కిలోల బరువును ఆ కాలపు చెక్క దూలాలు మోయగలవా అన్నది నిర్మాణ ఇంజనీరు లెక్క కట్టి చెప్పాలే తప్ప స్పీకర్లు అమ్మేవారు చెప్పదగిన మాట కాదు.

కాలమ్ స్పీకర్ గోడకు ఆనుకొని నిటారుగా నిలుస్తుంది. లోపలున్న చిన్న స్పీకర్లకు సంకేతాన్ని మిల్లీసెకనులో భాగాల తేడాతో పంపి, పెట్టెను కదల్చకుండానే ధ్వనిని కుర్చీల వైపు వంచుతారు. గోడలకు, గుమ్మటానికి తగిలి తిరిగొచ్చే శబ్దం తగ్గడంతో మాటల్లో తేట పెరుగుతుంది. దీనికీ ఒక హద్దుంది. కాలమ్ ఎత్తు కంటే పొడవైన ధ్వని తరంగాలు, అంటే మంద్ర శబ్దాలు, దాని అదుపులో ఉండవు. 1 మీటరు కాలమ్ సుమారు 340 హెర్ట్జ్ దిగువన పట్టు కోల్పోతుంది, అదే 3 మీటర్లదైతే సుమారు 115 హెర్ట్జ్ వరకు నిలబడుతుంది. పురుషుల గొంతులోని గాంభీర్యం చాలావరకు ఆ మధ్యనే ఉంటుంది కాబట్టి, కంటికి ఆనకుండా ఉంటుందని పొట్టి కాలమ్ ఎంచుకోవడం తప్పుడు పొదుపు. అన్నిటికంటే పై బాల్కనీకి మాత్రం ధ్వనిని మరీ నిటారుగా వంచకుండా విడిగా చిన్న స్పీకర్లు పెట్టడమే నయం.

ఏ మార్గం ఎంచుకున్నా బాల్కనీ కింది వరుసలకు అదనపు స్పీకర్లు తప్పవు. ప్రధాన స్పీకర్ నుంచి 20 మీటర్ల దూరం రావడానికి ధ్వనికి సుమారు 58 మిల్లీసెకన్లు పడుతుంది. బాల్కనీ కింది స్పీకర్లను అంత ఆలస్యంగా, దానిపై మరో 10 లేదా 15 మిల్లీసెకన్లు కలిపి మోగిస్తే గొంతు నెత్తి మీది పెట్టె నుంచి కాక వేదిక మీది నుంచే వస్తున్నట్లు తోస్తుంది. ముందుగా చేరిన శబ్దం వచ్చిన దిక్కునే చెవి నమ్ముతుందని జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ హాస్ 1949లో ప్రయోగపూర్వకంగా చూపారు. ఈ సర్దుబాటును నిర్లక్ష్యం చేస్తే ఎంత ఖరీదైన పరికరాలైనా వృథాయే.

గదిలో ధ్వని నిలిచి ఉండే కాలాన్ని, అంటే ప్రతినాదాన్ని, మైకులు, స్పీకర్ల సాయంతో పెంచే పద్ధతి కూడా ఉంది. మాటలకు 1 సెకను ప్రతినాదం చాలు, సింఫనీ వాద్యబృందానికి 2 సెకన్ల దాకా కావాలి. లండన్‌లో 1951లో తెరిచిన రాయల్ ఫెస్టివల్ హాల్‌లో ప్రతినాదం చాలక ధ్వని పొడిగా ఉందన్న విమర్శ రావడంతో 1960లలో ఇటువంటి వ్యవస్థనే అమర్చారు. వాద్యబృందాల కచేరీలు తరచుగా జరిగే చోట దీన్ని ఆలోచించవచ్చు గానీ, నాటకాలకే పరిమితమైన వేదికకు అది అనవసరపు ఖర్చు.

నాటకాలు, ప్రసంగాలు, చిన్న బృందాల సంగీతం ప్రధానమైన చారిత్రక నాటకశాలకు పొడవైన కాలమ్ స్పీకర్లే మేలని నా అభిప్రాయం. వాటిని ప్రత్యేక దిమ్మెల మీద నిలిపితే అలంకరణకు మేకు కూడా తగలదు, రేపు తీసివేసినా భవనం యథాతథంగా ఉంటుంది. పదుల కొద్దీ ఛానెళ్లను ఒకే నెట్‌వర్క్ తీగ మోస్తుంది కనుక గోడలు తొలచవలసిన అవసరమూ తగ్గుతుంది. హోరెత్తించే కచేరీలే ఎక్కువగా జరిగేచోట మాత్రం లైన్ అరేకు సాటి లేదు. అవి అప్పుడప్పుడే జరిగితే, లెక్క కట్టి బిగించిన రెండు కొక్కేలు, విద్యుత్తు, నెట్‌వర్క్ సాకెట్లు సిద్ధంగా ఉంచి వచ్చే బృందాన్నే తమ లైన్ అరే తెచ్చుకోమనవచ్చు. ఒప్పందం రాసేటప్పుడు మాట స్పష్టతను 0 నుంచి 1 వరకు కొలిచే ఎస్‌టీఐ సూచీ బాల్కనీ కింది చివరి వరుసలో సైతం 0.6కు తగ్గకూడదన్న షరతు చేర్చి, ఆ కొలత తీసిన తర్వాతే తుది చెల్లింపు చేయాలి.