కండ పెరగడానికి గుడ్డా, చేపా, పప్పా, పౌడరా? విశాఖలో ఉన్నవారికి ఏది మేలు?

గాజువాకలో ఉంటూ షిఫ్టు ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఆరు నెలల క్రితం జిమ్‌లో చేరాడు. చేరిన వారానికే వే ప్రోటీన్ (పాల నుంచి తీసే ప్రోటీన్ పౌడరు) డబ్బా కొనమని అక్కడివారు చెప్పడంతో నా దగ్గరకు వచ్చి, "మావయ్యా, నెలకో డబ్బా కొనడం మేలా, ఆ డబ్బుతో గుడ్లూ చేపలూ తినడం మేలా?" అని అడిగాడు. ఇరవై ఏళ్లుగా బరువులెత్తుతున్నవాణ్ణి కాబట్టి అప్పటికప్పుడే జవాబు చెప్పగలిగేవాణ్ణి. కాని వాడు రోజూ ఏం తింటున్నాడో తెలియకుండా చెప్పే జవాబుకు విలువ లేదనిపించి, ముందు మూడు రోజుల తిండి కాగితం మీద రాయించాను. పొద్దున నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నంలో పల్చటి సాంబారు, రాత్రి మళ్లీ అన్నం, ఆదివారం మాత్రం కోడికూర. అందులో పౌడరు లేకపోవడం కన్నా పెద్ద లోటు నాకు వేరే కనబడింది.

ముందుగా, ఎంత కావాలో చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సామాన్యులకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ సరిపోతుందని లెక్క కట్టింది. బరువులెత్తి కండ పెంచుకోవాలనుకునేవారికి అది చాలదు. అనేక పరిశోధనలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో కిలోకు సుమారు 1.6 గ్రాముల దాకా లాభం కనబడి, ఆ పైన ఎంత తిన్నా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మా వాడి బరువు 65 కిలోలు కనుక వాడికి రోజుకు 104 గ్రాములు కావాలి. వాడు రాసి తెచ్చిన తిండిలో ఆదివారం తప్పిస్తే అందులో సగం కూడా లేదు. ఇంతటి లోటును రోజుకొక చెంచా (డబ్బాతో వచ్చే పెద్ద కొలత చెంచా) పౌడరు పూడ్చలేదు. పూటపూటా తినే తిండే మారాలి.

గుడ్డుతో మొదలుపెడతాను, ఎందుకంటే నా లెక్కలో మొదటి స్థానం దానిదే. ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, ప్రోటీన్ తయారయ్యేది అమైనో ఆమ్లాలతో, శరీరానికి అవసరమైనవన్నీ అందులో సరైన పాళ్లలో ఉంటాయి. పసుపుసొనను పారేసి తెల్లసొన మాత్రమే తినే అలవాటు జిమ్‌లకు వెళ్లేవారిలో బాగా పాతుకుపోయింది. నా దృష్టిలో అది నష్టం. గుడ్డులోని ప్రోటీన్‌లో నలభై శాతానికి పైగా పసుపుసొనలోనే ఉంది. విటమిన్ డి, బి12 కూడా అక్కడే ఉన్నాయి. 2017లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బరువులెత్తిన యువకులకు 18 గ్రాముల ప్రోటీన్‌ను ఒకసారి పూర్తి గుడ్ల రూపంలోనూ, ఇంకోసారి తెల్లసొన రూపంలోనూ ఇచ్చి చూస్తే, పూర్తి గుడ్లు తిన్నప్పుడే కండర నిర్మాణం ఎక్కువగా జరిగింది. కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నవారు, మధుమేహం ఉన్నవారు మాత్రం రోజుకు ఎన్ని పసుపుసొనలు తినవచ్చో వైద్యుణ్ణి అడిగి తేల్చుకోవాలి. ఇక పచ్చి గుడ్లు గ్లాసులో కొట్టుకొని తాగడం వల్ల ఏ లాభమూ లేదు. ఉడికించిన గుడ్డులోని ప్రోటీన్ తొంభై శాతం దాకా ఒంటబడితే, పచ్చిగుడ్డులోది సుమారు సగమే ఒంటబడుతుంది. పైగా కడుపును పాడుచేసే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ప్రమాదం ఉండనే ఉంది.

చేప దగ్గరికి వస్తే, విశాఖలో ఉండి దీన్ని పక్కన పెట్టడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి చూసినవారికి తెలుసు, అక్కడ తట్టల్లో దిగే సరుకంతా వంజరం, చందువాలే కాదు. కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు వంటి చిన్న చేపలు వాటి కన్నా చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. పచ్చి చేప మాంసం 100 గ్రాములలో 18 నుంచి 20 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఈ విషయంలో ఖరీదైన వంజరానికీ చవకైన కానాగంతకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా కవళ్లలోనూ కానాగంతల్లోనూ గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వులు పుష్కలంగా ఉంటాయి, నెత్తళ్లను ముల్లుతో సహా నమిలి తింటాం కనుక కాల్షియం కూడా అందుతుంది. పెద్ద చేపల్లో పేరుకొనే పాదరసం బెడద కూడా వీటిలో తక్కువ. కానాగంతను తలచుకున్నప్పుడల్లా నాకొక సంగతి గుర్తుకు వస్తుంది: 1803లో ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖ తీరంలో సేకరించిన చేపల వర్ణనలను ప్రచురిస్తూ ఇక్కడివారు పిలిచే పేర్లనే వాటికి రాశాడు, ఈ చేప శాస్త్రీయ నామంలో నేటికీ ఉన్న 'కానగుర్త' అలా వెళ్లిన మన మాటే. ప్రపంచమంతా మన పేరుతో పిలిచే చేపను మనమే చిన్నచూపు చూడడం తగదు.

చేపతో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. కానాగంత జాతి చేపలను ఐసులో పెట్టకుండా ఎండలో వదిలేస్తే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. వండినా అది పోదు, తిన్నవారికి ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. కనుక పొద్దున్నే కొని, వెంటనే ఐసులోనో ఫ్రిజ్‌లోనో పెట్టాలి. రెండవది ఎండు చేపల సంగతి. నీరంతా పోవడంతో వాటిలో ప్రోటీన్ చిక్కబడుతుంది, నిజమే. కాని ఉప్పు కూడా అంతే చిక్కగా ఉంటుంది కాబట్టి రోజువారీ ప్రోటీన్‌కు వాటి మీద ఆధారపడడాన్ని నేను సమర్థించను. వండే తీరు విషయానికొస్తే, నూనెలో మునిగేలా వేయించిన ముక్క కన్నా పులుసులో ఉడికిన ముక్కకే నా ఓటు.

కోడి మాంసం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. చర్మం, ఎముక లేని రొమ్ము ముక్క పచ్చిది 100 గ్రాములకు 22 గ్రాముల పైన ప్రోటీన్ ఇస్తుంది, కొవ్వు చాలా తక్కువ. నాటుకోడికి రుచి ఎక్కువే కాని, ప్రోటీన్‌లో తేడా స్వల్పం. మేకమాంసం మంచిదే అయినా ఆ ధరకు రోజూ తినగలిగేవారు కొద్దిమందే.

పప్పుల విషయంలో మనవారికి ఒక పెద్ద అపోహ ఉంది. రోజూ పప్పు తింటున్నాం కనుక ప్రోటీన్ అందుతోందనే అనుకుంటారు. కందిపప్పు 100 గ్రాములలో 22 గ్రాముల ప్రోటీన్ ఉన్న మాట వాస్తవమే కాని, ఆ 100 గ్రాములు ఎండు పప్పు. ఒక మనిషి పూటకు తినే ముద్దపప్పులో 30 గ్రాముల పప్పు ఉంటే ఎక్కువ. అంటే 6, 7 గ్రాముల ప్రోటీన్. అదే పల్చటి సాంబారైతే రెండు, మూడు గ్రాములకు మించదు. అందుచేత పప్పు తినేవారు పప్పును చిక్కగా, ఎక్కువగా తినాలి. అన్నంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. మన పెద్దలు కుదిర్చిన ఈ జోడీ గొప్పదే. చెడింది పాళ్లు మాత్రమే.

పొద్దుటి పలహారంలో ఈ తేడా మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఇడ్లీ పిండిలో బియ్యపు రవ్వ రెండు వంతులు, మినపపప్పు ఒక వంతు ఉంటాయి కాబట్టి ఒక ఇడ్లీలో 2 గ్రాముల ప్రోటీన్ ఉంటే గొప్ప. నాలుగు తిన్నా 8 గ్రాములే. అదే 60 గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బి రెండు పెసరట్లు వేసుకుంటే 14 గ్రాములు వస్తాయి. పక్కన రెండు ఉడికించిన గుడ్లు పెట్టుకుంటే 26 గ్రాములవుతుంది. రోజుకు కావలసిన 104 గ్రాములను నాలుగు పూటలకు పంచితే, ఒక పూటకు మా వాడికి కావలసినది సరిగ్గా అంతే. పెసరట్టులో ఉప్మా పెట్టుకుంటే రుచి పెరుగుతుందే తప్ప ప్రోటీన్ పెద్దగా పెరగదు. అలాగే మన ఉత్తరాంధ్రలో బలానికి పేరుపడిన చోడి (రాగి) అంబలిలో కాల్షియం దండిగా ఉంది, దాన్ని మానమని ఎవరికీ చెప్పను, కాని చోళ్లలో ప్రోటీన్ 100 గ్రాములకు 7 గ్రాములే. కండకోసం అయితే అంబలి పక్కన ఇంకేదైనా ఉండాలి.

శాకాహారులకు నేను గట్టిగా చెప్పేది సోయాతో చేసే మీల్ మేకర్. ఎండు మీల్ మేకర్ 100 గ్రాములలో 50 గ్రాముల పైగా ప్రోటీన్ ఉంటుంది. మొక్కల నుంచి వచ్చే వాటిలో సోయా ప్రోటీన్ నాణ్యత పాలకూ గుడ్డుకూ దగ్గరగా ఉంటుంది. సోయా తింటే మగతనం తగ్గుతుందన్న భయం కుర్రవాళ్లలో ఉంది. అనేక పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణల్లో మగవారి హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్ మీద దాని ప్రభావం కనబడలేదు. రోజుకు 50 గ్రాములు నానబెట్టి, నీరు పిండేసి కూర వండుకుంటే 26 గ్రాములు అందుతాయి. పెరుగు, పాలు 100 గ్రాములకు 3 గ్రాములకు కాస్త పైగా ఇస్తాయి కాబట్టి పాలు ఒక గ్లాసు, పెరుగు ఒక పెద్ద కప్పు చేర్చుకుంటే రోజు లెక్కకు 16 గ్రాముల దాకా కలుస్తుంది. పన్నీరు మంచిదే, కాని అందులో ప్రోటీన్ ఎంతో కొవ్వూ అంతకు తక్కువ ఉండదు. వేరుశెనగలను చాలామంది ప్రోటీన్ అనుకొని తింటారు. వాటిలో ప్రోటీన్ కన్నా నూనె దాదాపు రెట్టింపు. బక్కగా ఉండి బరువు పెరగాలనుకునేవారికి అవి వరం, పొట్ట తగ్గించుకోవాలనుకునేవారికి కాదు. పూర్తి శాకాహారులు బి12 విషయంలో జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే పప్పుల్లో అది లేదు.

ఇప్పుడు వే పౌడర్. పాలు విరిచినప్పుడు గడ్డ కట్టకుండా మిగిలే తేట నీటిలోని ప్రోటీన్‌ను వడగట్టి, ఆరబెట్టి చేసేదే ఇది. త్వరగా జీర్ణమవుతుంది, కండర నిర్మాణాన్ని పురికొల్పే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఇందులో మిగతా వాటి కన్నా ఎక్కువ. ఒక చెంచాకు 24 గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది. సరుకుగా చూస్తే దీనిలో తప్పు లేదు. నా అభ్యంతరం డబ్బా మీద రాసినది లోపల ఉంటుందా అన్నదాని గురించి. మన దేశపు మార్కెట్‌లోని 36 రకాల పౌడర్లను పరీక్షించి 2024లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సుమారు 70 శాతం డబ్బాలపై ప్రోటీన్ వివరం సరిగా లేదని తేలింది. ప్రోటీన్‌ను కొలిచేది అందులోని నత్రజనిని బట్టి కనుక, నత్రజని ఉన్న గ్లైసిన్ వంటి చవక అమైనో ఆమ్లాలు కలిపి లెక్కను పెంచి చూపడం సాధ్యమే. అదే ఏడాది జాతీయ పోషకాహార సంస్థ కూడా కండ పెంచడానికి ప్రోటీన్ పౌడర్లను వాడవద్దని తన ఆహార మార్గదర్శకాల్లో సూచించింది. నేను అంత దూరం పోను. రాత్రి షిఫ్టులో తినడానికి ఏమీ దొరకని రోజున, లేదా పప్పు తింటే కడుపుబ్బరం వచ్చే శాకాహారికి ఒక చెంచా పౌడరు ఉపయోగపడుతుంది. పాలు పడనివారు మాత్రం ఇందులోనూ లాక్టోస్ (పాలలోని చక్కెర) ఉంటుందని గుర్తుంచుకోవాలి.

ధరను కిలో లెక్కన కాకుండా 25 గ్రాముల ప్రోటీన్‌కు ఎంతవుతుందో చూడాలి. గుడ్డు 7 రూపాయలనుకుంటే నాలుగు గుడ్లకు 28. మీల్ మేకర్ కిలో 160 అనుకుంటే 50 గ్రాములకు 8. కవళ్లు కిలో 160 అయినా తల, పొట్ట పోగా సగమే మిగులుతాయి కాబట్టి సుమారు 42. ఎముకతో కొనే కోడి మాంసం కిలో 280 అయితే 45 దాకా. పన్నీరు కిలో 400 అయితే 56. పౌడరు కిలో 2,800 అయితే ఒక చెంచాకు 90. ధరలు రోజూ మారతాయి, కాని రైతు బజారులోనో పూర్ణా మార్కెట్‌లోనో ఆ రోజు ధర కనుక్కొని ఇదే పద్ధతిలో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు.

ప్రోటీన్ పెంచబోయే ముందు ఒక్క పరీక్ష చేయించుకోమని ఈ ప్రాంతంవారికి ప్రత్యేకంగా చెబుతాను. ఆరోగ్యవంతుల మూత్రపిండాలకు నేను చెప్పిన మోతాదు హాని చేస్తుందనడానికి ఆధారం లేదు. కాని మూత్రపిండ వ్యాధి ముందే ఉన్నవారికి అది భారమవుతుంది, ఆ వ్యాధి తొలి దశలో ఏ లక్షణమూ చూపదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏళ్ల తరబడి ఈ వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మనకు తెలుసు. ఆ వైపు నుంచి విశాఖకు వచ్చి స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. అలాంటి కుటుంబాల కుర్రవాళ్లు జిమ్ ఫీజు కట్టే రోజునే మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష కూడా చేయించుకుంటే మంచిది.

మా వాడికి చివరకు కుదిర్చినది ఇది: పొద్దున పెసరట్లూ రెండు గుడ్లూ, మధ్యాహ్నం అన్నం తగ్గించకుండా చిక్కటి పప్పు, పెరుగు, 150 గ్రాముల చేప, సాయంత్రం పాలూ గుప్పెడు వేయించిన సెనగలూ, రాత్రి రెండు గుడ్లు లేదా మీల్ మేకర్ కూర. అన్నం ఎందుకు తగ్గించలేదంటే, తిండి చాలకపోతే శరీరం ప్రోటీన్‌నే ఇంధనంగా కాల్చేస్తుంది. పౌడరు డబ్బా కొనలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది కనుక ఆ రెండు నెలలూ చేప ధర పెరుగుతుంది, తాజాదనం తగ్గుతుంది. అప్పుడు మధ్యాహ్నం చేపకు బదులు మూడు గుడ్ల కూరో మీల్ మేకరో తినమన్నాను. నిషేధం ముగిసి పడవలు తిరిగి వచ్చాక మొదటి ఆదివారం ఇద్దరం కలిసి హార్బర్‌కు వెళ్దామని అనుకున్నాం.