న్యూయార్క్ మెట్స్: ఏళ్ల తరబడి చూసిన మీదట ఆటకి నాలుగు నక్షత్రాలు, గాయాల విషయానికి రెండే

న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు మెట్స్ ఆటలు షే స్టేడియం ఉన్న రోజుల నుంచీ చూస్తున్నాను. 2009లో పక్కనే సిటీ ఫీల్డ్ వచ్చింది, అప్పటి నుంచీ అక్కడికే. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండేవాళ్లకి న్యూయార్క్ ఇంకో జట్టు యాంకీస్ అయినా మెట్స్ అయినా దూరంలో పెద్ద తేడా లేదు. మాకు ఫ్లషింగ్ వినాయకుడి గుడికి వెళ్లే అలవాటు ఉంది. గుడి క్యాంటీన్‌లో దోసె తిని, అక్కణ్ణుంచి స్టేడియానికి వెళ్లడం మా ఇంటి వేసవి ఆదివారం. అలా ఈ జట్టు మాదైపోయింది.

స్టేడియం గురించి, టికెట్ల గురించి మనవాళ్లు చాలామంది చెబుతారు. నేను రాయదలచుకున్నది ఒక్క విషయం మీదే. ఆటగాడికి దెబ్బ తగిలినప్పుడు ఈ జట్టు ఏం చేస్తుంది, మనకేం చెబుతుంది? ఇన్నేళ్లలో ఓటములకన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. గాయాలు అందరికీ అవుతాయి. ఇక్కడ చిన్న దెబ్బ పెద్దదవుతుంది, అయ్యేదాకా ఆ మనిషి మైదానంలోనే ఉంటాడు. నా కోపమంతా అక్కడే.

బేస్‌బాల్ కొత్తవాళ్లకి ముందు ఒక సంగతి చెప్పాలి. మేజర్ లీగ్‌లో సీజన్‌కి 162 గేమ్‌లు. దాదాపు రోజూ ఆటే. గాయపడ్డవాణ్ణి 'ఇంజూర్డ్ లిస్ట్'లో పెడితే అతని స్థానంలో ఇంకొకర్ని తెచ్చుకోవచ్చు. కాకపోతే బ్యాటర్ అయితే కనీసం 10 రోజులు, పిచర్ (బంతి వేసేవాడు) అయితే 15 రోజులు తిరిగి ఆడకూడదు. అందుకని జట్లు తటపటాయిస్తాయి. రెండు రోజుల్లో తగ్గిపోతుందేమో, అనవసరంగా పది రోజులు పోగొట్టుకోవడం ఎందుకు అని చూస్తాయి. ఆ చూసే రోజుల్లో జట్టుకి ఒక మనిషి తక్కువే, ఆ మనిషికి సరైన విశ్రాంతీ లేదు. మెట్స్ ఈ తటపటాయింపులోనే పదే పదే దెబ్బతింది.

2017 ఏప్రిల్ చివరి వారం నేను మర్చిపోలేను. ఆ ఏడాదే లిస్ట్ కనీస గడువు 15 రోజుల నుంచి 10కి తగ్గించారు. అంటే జాగ్రత్తపడడానికి అంతకు ముందున్న అడ్డంకి కూడా తగ్గింది. యోనిస్ సెస్పెడెస్‌కి తొడ వెనక కండరం పట్టేసింది. లిస్ట్‌లో పెట్టలేదు. కొన్ని రోజులు కూర్చోబెట్టి మళ్లీ దింపారు. ఏప్రిల్ 27న అట్లాంటా బ్రేవ్స్ మీద డబుల్ కొట్టి రెండో బేస్‌కి పరుగెత్తుతుంటే అదే కాలు పూర్తిగా దెబ్బతింది. మళ్లీ జూన్ దాకా కనపడలేదు. పది రోజులు ఆదా చేద్దామనుకున్నచోట నెలన్నర పోయింది.

అదే రోజు పిచ్ చేయాల్సిన నోవా సిండర్‌గార్డ్ చెయ్యి బాగాలేదని తప్పుకున్నాడు. ఎమ్మారై తీయించుకోమంటే వద్దన్నాడు. సరే, అది ఆటగాడి మొండితనం, ఒప్పుకుంటాను. బలవంతంగా స్కాన్ చేయించలేమని జనరల్ మేనేజర్ శాండీ ఆల్డర్సన్ చెప్పిన మాటలోనూ అబద్ధం లేదు. కానీ స్కాన్ చేయించుకోనివాడికి బంతి ఇవ్వకుండా ఉండడం జట్టు చేతిలో పనే కదా! మూడు రోజులు తిరిగేసరికి, ఏప్రిల్ 30న, వాషింగ్టన్‌లో అతన్నే దింపారు. మొదటి ఇన్నింగ్స్‌లోనే (గేమ్‌కి ఇవి తొమ్మిది) ఐదు పరుగులు పోయాయి. రెండో ఇన్నింగ్స్‌లో బ్రైస్ హార్పర్‌కి ఒక బంతి వేసి కుడి చంక కింద చెయ్యి పెట్టుకున్నాడు. మా ఇంట్లో టీవీ ముందు ఎవరూ మాట్లాడలేదు. మొహం చూస్తేనే తెలిసిపోయింది. చంక వెనక నుంచి వీపు మీదకి దిగే పెద్ద కండరం చిరిగింది. మళ్లీ పెద్ద లీగ్‌లో పిచ్ చేసింది సెప్టెంబరు చివర్లో. ఆ రోజు గేమ్ 23-5తో ఓడిపోయాం. ఆ సీజన్ 70 గెలుపులు, 92 ఓటములతో ముగిసింది.

మన దగ్గర ఇలాంటివి లేవా అంటే ఉన్నాయి. 2022లో బుమ్రా వెన్ను నొప్పి నుంచి కోలుకున్నాడని ఆస్ట్రేలియా మీద టీ20ల్లో దింపారు, ఆ తర్వాత టీ20 ప్రపంచకప్‌కే లేకుండా పోయాడు. మనకెలా కడుపు మండిందో గుర్తుంది కదా. మెట్స్ అభిమానికి అది ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వచ్చే అనుభవం.

ఇంకా వెనక్కి వెళితే 2008. రయన్ చర్చ్ అనే ఔట్‌ఫీల్డర్‌కి మార్చిలో ఒకసారి తలకి దెబ్బ తగిలింది. మేలో అట్లాంటాలో రెండో బేస్ దగ్గర పడినప్పుడు ఫీల్డర్ మోకాలు తలకి తగిలి మళ్లీ కంకషన్, అంటే మెదడు అదిరే దెబ్బ. మూడు నెలల్లోపే రెండుసార్లు. అతన్ని ఇంటికి పంపకుండా జట్టుతోపాటే విమానంలో డెన్వర్ తీసుకెళ్లారు. సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉన్న ఊరు అది. ఆ తర్వాత కొన్ని గేమ్‌ల్లో బ్యాటింగ్‌కి కూడా పంపారు. తలనొప్పులు తగ్గక చివరికి జూన్‌లో లిస్ట్‌లో పెట్టాల్సి వచ్చింది. తల విషయంలో లీగ్ మొత్తానికీ అప్పట్లో సరైన పద్ధతి లేదన్నది నిజమే. కంకషన్‌కి ప్రత్యేకంగా ఏడు రోజుల లిస్ట్ 2011లోగానీ రాలేదు. అయినా తలకి రెండోసారి దెబ్బ తగిలినవాణ్ణి కదలనివ్వకూడదని తెలియడానికి లీగ్ నియమం అక్కర్లేదు.

2009 సరేసరి. హోసే రేయెస్ పిక్క నొప్పి అన్నారు. ఇవాళ వస్తాడు రేపు వస్తాడు అంటూనే సీజన్ గడిచిపోయింది, మొత్తం ఆడింది 36 గేమ్‌లు. కార్లోస్ డెల్గాడో 26. కార్లోస్ బెల్ట్రాన్ మోకాలి వల్ల సగం సీజన్ పోగొట్టుకున్నాడు. ఆ పైన 2010 జనవరిలో బెల్ట్రాన్ ఆపరేషన్ చేయించుకుంటే, మా అనుమతి లేకుండా చేయించుకున్నాడని జట్టు, తెలిసే జరిగిందని అతని తరఫువాళ్లు బయటికొచ్చి వాదులాడుకున్నారు. ఆటగాడి మోకాలికి కత్తి పెట్టిన సంగతి జట్టుకి తెలుసో తెలియదో అభిమాని పేపర్లో చదివి తేల్చుకోవాలా?

ఇక డేవిడ్ రైట్. అతని పేరు రాస్తుంటేనే నాకు బాధగా ఉంటుంది. 2011 ఏప్రిల్‌లో థర్డ్ బేస్ దగ్గర డైవ్ చేసినప్పుడు నడుములో ఎముక సన్నగా చిట్లింది. ఎవరూ పట్టించుకోలేదు, అతనూ చెప్పలేదు. దాదాపు నెల రోజులు ఆ నడుముతోనే ఆడాడు. మేలో స్కాన్ తీస్తే బయటపడింది. తర్వాత 2015లో వెన్నెముక కాలువ ఇరుకైందని తేలింది. మెడకి, భుజానికి, వెన్నుకి వరసగా ఆపరేషన్లు. 2018 సెప్టెంబరు 29న చివరి గేమ్ ఆడాడు. మేం వెళ్లాం. రెండుసార్లు బ్యాటింగ్ చేసి, ఐదో ఇన్నింగ్స్‌లో బయటికి నడుస్తుంటే స్టేడియం మొత్తం లేచి నిలబడింది. మా ముందు వరసలో ఒక పెద్దాయన ఐదో నంబరు జెర్సీ అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. వెన్ను కాలువ ఇరుకవడం జట్టు చేసిన పాపం కాదు. ఆ నెల రోజులు ఆడనివ్వడం మాత్రం ముమ్మాటికీ తప్పే. మనవాడు నొప్పి చెప్పడు అని తెలిసినప్పుడు అడగాల్సింది జట్టే.

యోహాన్ శాంటానా గురించి మాత్రం నాలో నాకే ఎటూ తేలదు. 2012 జూన్ 1న కార్డినల్స్ మీద మెట్స్ చరిత్రలోనే మొదటి నో-హిట్టర్ (అవతలి జట్టుకి గేమ్ మొత్తంలో ఒక్క హిట్ కూడా ఇవ్వకపోవడం) వేశాడు. జట్టు పుట్టి యాభై ఏళ్లు గడిచాక వచ్చిన మొదటిది. భుజానికి పెద్ద ఆపరేషన్ అయ్యి తిరిగొచ్చిన మనిషి ఆ రాత్రి 134 బంతులు వేశాడు. మేనేజర్ టెర్రీ కాలిన్స్ ఆపాలా వద్దా అని నలిగిపోవడం అందరికీ కనపడింది. 2013లో అదే భుజం మళ్లీ చిరిగింది, శాంటానా పెద్ద లీగ్‌లో మళ్లీ పిచ్ చేయలేదు. ఆ 134 బంతుల వల్లే అని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు. ఆ రాత్రి నేను అరిచిన అరుపులకి మా అమ్మాయి నిద్ర లేచింది, ఆ సంతోషాన్ని వెనక్కి తీసుకోలేను. ఆ నిర్ణయాన్ని మాత్రం ఇవాళ్టికీ సమర్థించలేను.

డబ్బు సంగతికొస్తే రెండు ముక్కలు చాలు. జెడ్ లౌరీకి రెండేళ్లకి 2 కోట్ల డాలర్లు ఇచ్చారు. 9 గేమ్‌లు, ఒక్క హిట్ లేదు. అతని మోకాలికి ఏమైందో చాలాకాలం మాకు స్పష్టంగా తెలియనేలేదు. సెస్పెడెస్‌కి నాలుగేళ్లకి 11 కోట్లు. వరసగా 81, 38, 0, 8 గేమ్‌లు. అందులో రెండు మడమలకీ ఆపరేషన్లు ఉన్నాయి, తన పొలంలో చీలమండ విరగ్గొట్టుకోవడం ఉంది. ఆ విరగ్గొట్టుకోవడానికి జట్టుని అనను.

2020 చివర్లో స్టీవ్ కోహెన్ జట్టుని కొన్నాక చాలా మారుతుందనుకున్నాం. కొంత మారింది. గాయం వార్త మునుపటికన్నా తొందరగా, కాస్త వివరంగా వస్తోంది. అయినా పాత రోగం పూర్తిగా వదల్లేదు. 2021లో పిచర్ జేకబ్ డిగ్రామ్ 15 గేమ్‌లకి మొదటి పిచర్‌గా దిగి 1.08 ఈఆర్ఏతో ఉన్నాడు, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఒక పరుగు. అలాంటి పిచింగ్ నేను మళ్లీ చూస్తానో లేదో. జులై 7 తర్వాత ఆ ఏడాది మళ్లీ ఆడలేదు. ముంజేయి బిగిసిందన్నారు. వారాలు గడిచాయి. సెప్టెంబరులో ఆల్డర్సన్ మోచేతి లిగమెంట్ కాస్త దెబ్బతిన్నదన్నాడు. డిగ్రామ్ ఏమో నా లిగమెంట్ బాగానే ఉందన్నాడు. ఒకే మోచేయి, రెండు కథలు! మరుసటి ఏడాది ముగిశాక అతను టెక్సస్ వెళ్లిపోయాడు.

2025కి వద్దాం. జూన్ 12, గురువారం మధ్యాహ్నం, నేషనల్స్‌తో గేమ్. ఫస్ట్ బేస్ వైపు పై అంతస్తులో కూర్చున్నాం. మా పిచర్ కొడాయ్ సెంగా ఈఆర్ఏ అప్పటికి 1.47. ఆరో ఇన్నింగ్స్‌లో బంతి ఫస్ట్ బేస్ వైపు దొర్లింది, పీట్ అలోన్సో అందుకున్నాడు, బేస్ కాయడానికి సెంగా పరుగెత్తాడు. త్రో కాస్త ఎత్తుగా వచ్చింది. సెంగా ఎగిరి పట్టి, కాలు చాచి బేస్ తొక్కాడు. అవుట్. ఆ ఊపులోనే తొడ పట్టుకుని నేల మీద పడిపోయాడు. ఆ గేమ్ గెలిచి 45 గెలుపులు, 24 ఓటములతో బేస్‌బాల్‌లోనే అందరికన్నా పైన నిలిచాం. ఈసారి ఆలస్యం చేయకుండా లిస్ట్‌లో పెట్టారు, సరిగ్గా చేసిన పనిని సరిగ్గా చేశారనే అంటాను. కానీ నెల తిరిగేసరికి జులై 11న దింపేశారు. ముందున్న సెంగా కాదతను. ఐదో ఇన్నింగ్స్ దాటడమే కష్టమైంది. సెప్టెంబరులో కింది లీగ్‌కి, సిరాక్యూస్‌కి పంపాల్సి వచ్చింది. షాన్ మనాయ మోచేతి కీలులో ఎముక తునక ఉండగానే జులైలో పిచింగ్ మొదలుపెట్టాడు, సీజనంతా తడబడ్డాడు. పిచర్లు దొరకని జట్టు ఉన్నవాళ్లని తొందరపెడుతుంది, తొందరపడ్డవాళ్లు తడబడతారు. చివరి రోజు మయామీలో 4-0తో ఓడి, 83-79తో ప్లేఆఫ్స్‌కి దూరమయ్యాం. సిన్సినాటీకీ అన్నే గెలుపులు, టైబ్రేకర్ వాళ్లది.

న్యాయంగా చెప్పాల్సింది కూడా ఉంది. పిచర్ గ్రిఫిన్ కానింగ్‌కి మడమ వెనక స్నాయువు తెగింది, దాన్ని ఎవరూ ఆపలేరు. 2023లో ఎడ్విన్ డియాస్ దేశాల టోర్నీలో ప్యూర్టోరికో తరఫున గెలిచిన సంబరంలో మోకాలు పోగొట్టుకున్నాడు, అదీ జట్టు చేతిలో లేదు. పిచర్లు ప్రతి బంతీ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వేయడం వల్లే గాయాలు పెరిగాయని లీగ్ విడుదల చేసిన నివేదికే 2024 డిసెంబరులో చెప్పింది. లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్‌కీ పిచర్లు వరసగా పడిపోయారు, అయినా 2024లో, 2025లో కప్పు వాళ్లదే. వాళ్లు అక్టోబరు ప్లేఆఫ్స్‌లో కావల్సినవాణ్ణి జులైలో తొందరపెట్టరు.

నాకు కావల్సినవి ఎక్కువేం కాదు. నొప్పి అన్నవాడికి ఆ రోజే స్కాన్. స్కాన్ వద్దన్నవాడికి బంతి లేదు. రెండు రోజుల్లో తేలకపోతే లిస్ట్. వార్త చెప్పేది ఒక్కరే, ఆటగాడి ముందు చెప్పగలిగిన మాటే మాకూ చెప్పాలి.

కొత్తగా న్యూజెర్సీ వచ్చి సీజన్ ప్లాన్ (సీజన్ టికెట్లు ముందే ఒక్కసారిగా) కొనాలా అని అడిగేవాళ్లకి నా సలహా: మెట్స్ చూడండి, తప్పకుండా చూడండి. గ్యారీ కోహెన్, కీత్ హెర్నాండెజ్, రాన్ డార్లింగ్ వ్యాఖ్యానం కోసమైనా చూడండి. హైదరాబాదులో మా బావమరిది తెల్లవారుజామున 4:40కి లేచి చూస్తాడు. కాకపోతే ఫలానా పిచర్ కోసమని నెలల ముందు టికెట్ కొనకండి. ఎవరు పిచ్ చేస్తున్నారో ముందు రోజు ఖాయం చేసుకుని కొనండి. ఇప్పుడు మేం చేస్తున్నది అదే. జట్టు గాయాల పద్ధతి మారిందని ఒక సీజన్ మొత్తం చూసిన రోజున మళ్లీ ప్లాన్ తీసుకుంటాం, ఈ రెండు నక్షత్రాలూ వచ్చి మారుస్తాను.