హిస్టమిన్, ల్యూకోట్రయిన్: శ్వాసనాళం మీద ఎవరి పట్టు గట్టిది?

పుప్పొడికి అలర్జీ ఏర్పడ్డ మనిషి శ్వాసనాళాల గోడల్లో మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలు ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీలు తగిలించుకుని కాచుకుని ఉంటాయి. మళ్లీ అదే పుప్పొడి తగిలితే చాలు, రసాయనాలు వదులుతాయి. వాటిలో ముఖ్యమైనవి హిస్టమిన్, ల్యూకోట్రయిన్లు.

హిస్టమిన్ ముందే తయారై కణంలో నిల్వ ఉంటుంది. కాబట్టి నిమిషాల్లోనే బయటపడి, కణాల మీద తనను అందుకునే హెచ్1 గ్రాహకాల ద్వారా నాళం చుట్టూ ఉన్న కండరాన్ని బిగిస్తుంది. ఆ జోరు త్వరగానే తగ్గుతుంది.

ల్యూకోట్రయిన్ల సంగతి వేరు. నిల్వ ఉండవు; కణపొరల్లోని అరకిడోనిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లం నుంచి అప్పటికప్పుడు తయారవుతాయి. రావడం కాస్త ఆలస్యం, వస్తే ఓ పట్టాన వదలవు. 1940లో కెల్లవే, ట్రెథెవీ అనే పరిశోధకులు, అలర్జీ వచ్చేలా చేసిన గినీపందుల ఊపిరితిత్తుల నుంచి కండరాన్ని నెమ్మదిగా బిగించే పదార్థం ఒకటి వెలువడడం గమనించారు. అది ఏ పదార్థమో తేలడానికి 1979 దాకా పట్టింది. తేల్చింది స్వీడన్‌లో సామ్యుయెల్సన్ బృందం. మనిషి శ్వాసనాళ కండరం మీద వీటిలో ఒక రకమైన ల్యూకోట్రయిన్ డీ4 బలం హిస్టమిన్‌కు సుమారు 1000 రెట్లు. పైగా కఫం, వాపు కూడా పెంచుతుంది.

నా లెక్కలో ఆస్తమాకు అసలు దోషి ల్యూకోట్రయినే. హిస్టమిన్‌ను అడ్డుకుని తుమ్ములు, ముక్కు కారడం తగ్గించే సెట్రిజిన్ ఆయాసానికి పెద్దగా పనిచేయకపోవడానికి ఇదో కారణం. అలాగని ల్యూకోట్రయిన్లను అడ్డుకునే మందు మాంటెలుకాస్ట్ సర్వరోగనివారిణి కాదు. ఆస్తమాలో పీల్చే స్టెరాయిడ్లదే ముందు వరుస. మానసిక దుష్ప్రభావాల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో మాంటెలుకాస్ట్ మీద తీవ్ర హెచ్చరిక పెట్టింది. మన మందుల షాపుల్లో లెవోసెట్రిజిన్‌తో కలిపి ఒకే మాత్రగా అమ్ముతున్నది దీన్నే.